ఎడమ సీటు

దేవనహళ్లి దాటాక
ఇళ్లు రాని లేఅవుట్ ఒకటుంది.
వీధి దీపాలున్నాయి, డ్రైనేజీ మూతలున్నాయి,
నంబర్లేసిన ప్లాటు రాళ్లున్నాయి,
కొన్నవాళ్లే ఇంకా కాపురానికి రాలేదు.
మధ్యలో తొమ్మిది వందల మీటర్ల తారురోడ్డు
స్కేలు పెట్టి గీసినట్టు.
ఆదివారం అయిదున్నరకి
వాచ్‌మన్ తిమ్మయ్యకి రెండు బన్నులూ ఫ్లాస్కు నిండా టీ ఇస్తే
గొలుసు దింపుతాడు,
కుక్కని కట్టేసుకుంటాడు.

నాది తొమ్మిదేళ్ల పోలో.
చూస్తే ఏముంది, పిల్లల్ని స్కూల్లో దించే కారు.
పీణ్యాలో చంద్రప్ప ల్యాప్‌టాప్ తగిలించి
దాని బుద్ధి మార్చాడు.
రోలర్ల మీద కట్టేసి పరుగెత్తిస్తే
ఉన్నచోటే ఉండి నూట అరవై దాకా పోయొచ్చింది.
షెడ్డు రేకులు వణికాయి.
కంపెనీ చెప్పిన గుర్రాలెన్నో,
చక్రాల దాకా నడిచొచ్చినవి ఎన్నో!
కొన్ని గేరుబాక్సు దగ్గరే మేతకి ఆగిపోయాయి.

నేను తూకాల మనిషిని.
చిక్కపేటలో కిరాణా కాటాలు బాగుచేసి ముద్ర వేయిస్తాను.
అయిదు గ్రాములకి చొక్కాలు పట్టుకోవడం చూసినవాణ్ణి.
ఎవడైనా "నా బండి ఎనిమిది సెకన్లలో వంద కొడుతుంది" అంటే
ఎంత పెట్రోలుతో? ఎత్తుకా, పల్లానికా?
చలికాలమా, ఏప్రిలా?
అడక్కుండా ఉండలేను.
పావు ట్యాంకు. టైర్లలో ముప్ఫై రెండు.
పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి,
రెండూ కలిపి సగం.
నడుమ బానెట్ తెరిచి పది నిమిషాలు,
టర్బోకి ఊపిరి చల్లారాలి.
డాష్‌బోర్డు మీద అగ్గిపెట్టెంత డబ్బా
సెకనుకి పదిసార్లు ఆకాశాన్ని అడుగుతుంది,
నేనెక్కడున్నానని.

ఎడమ సీట్లో అమల్‌రాజ్.
లింగరాజపురం. ఎనభై రెండు కిలోలు,
నా కాటా మీదే తూచాను.
నేను రోడ్డు చూడాలి, అంకెలు అతనే చదవాలి.
"తొమ్మిది పాయింటు ఎనిమిది."
"సెకండ్ గేరు లేటు."
ప్రతిసారీ అదే మాట, "సెకండ్ గేరు లేటు."
ఎనిమిది పాయింటు ఆరు వచ్చిన రోజు మాత్రం
ఏమీ అనలేదు.
ఇద్దరం దిగి రోడ్డు మధ్యలో నిలబడ్డాం.
కుక్క అరిచింది.

కిందటేడు నేనే పాడుచేశాను.
స్ప్రింగులు మార్చి బండిని రెండు వేళ్లు దించాను.
మలుపుల్లో బావుంది, అబద్ధమెందుకు.
హెణ్ణూరు రోడ్డులో ప్రతి గుంతా
అతని నడుముకి పేరుపెట్టి ఉత్తరం రాసింది.
నాలుగో పూసా అయిదో పూసా ఏదో గొడవ పడ్డాయట.
డాక్టరు ఎత్తు తక్కువ కార్లెక్కొద్దన్నాడు.
ఇప్పుడు బస్సులో పోతాడు, ముందు సీటు దొరికితేనే.

ఒక్కణ్ణే వెళ్లిన మొదటి ఆదివారం
ఎనిమిది పాయింటు రెండు.
కొత్తగా నేను బిగించిందేమీ లేదు.
బానెట్ తెరిచి చూశాను, పైపులు తడిమాను,
టైర్లలో గాలి మళ్లీ కొలిచాను.
తర్వాత ఎడమవైపు చూశాను.
అమల్‌రాజ్ లేకపోవడం
పాయింటు నాలుగు సెకన్లు.
పుస్తకంలో రాసుకోబుద్ధి కాలేదు.

మరుసటి వారం నుంచి
ఇరవై ఆరు కిలోల సోనామసూరి బస్తాలు మూడు,
నాలుగు కిలోల పానాల పెట్టె ఒకటి.
లెక్క చెడకూడదు కదా, అందుకే.
బెల్టు పెట్టకపోతే బండి కూస్తూనే ఉంటుంది,
బియ్యానికి బెల్టు పెట్టాను.
తిమ్మయ్య అద్దంలోంచి తొంగిచూసి
"యారు సార్ ఇవరు?" అన్నాడు,
బన్ను నములుతూ.

ఎనిమిది పాయింటు ఆరు.
ఫోన్ చేసి చెప్పాను, బస్తాల సంగతి చెప్పలేదు.
అటువైపు కాసేపు ఫ్యాను చప్పుడు.
"సెకండ్ గేరు లేటయ్యుంటుంది" అన్నాడు.

నిజమే. లేటయింది.